కామాక్షమ్మ ఫ్రిజ్జులో పదమూడు సాక్సులు

మనిషన్నాక తప్పు చేస్తాడు. కొందరు చిత్తూరు బస్సనుకుని నెల్లూరు బస్సెక్కుతారు, కొందరు పెళ్ళిపత్రికలో వరుడి పేరు బదులు వాళ్ళ అన్న పేరు అచ్చు వేయిస్తారు. అవన్నీ సర్దుకునే తప్పులు. నేను చేసింది ఆ జాతిది కాదు. ఒక ఆదివారం పూట పన్నెండు మంది సాక్సులు నేనొక్కడినే ఒంటికి తొడుక్కుని కూర్చుని, నెలల తరబడి సాగుతున్న ఒక పరిశోధనను నిండా ముంచాను. నన్ను పట్టించింది మనుషులు కాదు, దోమలు. ఆ కథ చెప్తాను, మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. తిరుచానూరులో పూలంగళ్ళ వాళ్ళు ఎప్పుడో నవ్వేశారు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మాది సత్యవేడు దగ్గర పల్లె. జంతుశాస్త్రంలో పీజీ అయిపోయి, తిరుపతిలో దోమల మీద పనిచేసే ఒక మేడమ్ దగ్గర సహాయకుడిగా చేరాను. పదిమంది పక్కపక్కనే కూర్చున్నా డెంగీ దోమ ఒకరిని పీక్కు తింటుంది, ఇంకొకరి జోలికి పోదు. ఎందుకని అడిగితే మన ఊళ్ళలో "వాడి రక్తం తీపి" అనేస్తారు. మేడమ్ ఆ మాట వింటే మండిపడేది. కుట్టకముందే దానికి రక్తం రుచి ఎలా తెలుస్తుందయ్యా అనేది. దోమకు తెలిసేది వాసన. ముందు మన ఊపిరిని దూరం నుంచే పసిగడుతుంది, దగ్గరికొచ్చాక తలమీదున్న మీసాలతో మన చర్మం వాసన చూస్తుంది. చర్మం మీద బతికే సూక్ష్మజీవులు ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కో రకం పుల్లటి వాసన పుట్టిస్తాయి. ఎవరి వాసన వాళ్ళది. ఆ వాసన వారం వారం మారుతుందా, అలాగే ఉంటుందా అన్నది మేడమ్ తేల్చాలి.

దానికి ఆమె పెట్టిన పద్ధతి ఇది. పన్నెండు మంది మనుషులు ప్రతి శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముంజేతికి ఒక నైలాన్ సాక్సు తొడుక్కుని ఉండాలి. ఆ రోజు సబ్బు రుద్దకూడదు, సెంటు కొట్టకూడదు, తెల్లగడ్డ, అదే వెల్లుల్లి, తినకూడదు. సాయంత్రం నేను పోయి ఆ పన్నెండూ పన్నెండు కవర్లలో వేసి తేవాలి. పదమూడోది ఎవరూ తొడగని ఖాళీ సాక్సు, పోల్చి చూడ్డానికి. సోమవారం ల్యాబులో పంగలకొమ్మలాగా రెండుగా చీలిన గాజు గొట్టం ఉంటుంది. ఒక కొమ్మలో ఒకరి సాక్సు, రెండో కొమ్మలో ఖాళీ సాక్సు పెట్టి, కింద నుంచి ఆడదోమలను వదులుతారు. ఎటు ఎన్ని పోయాయో లెక్క రాసుకోవడమే పని.

చదువుకున్నవాడు చెమట సాక్సులు ఏరుకొచ్చే పని చేస్తాడా అని మా నాయన ఫోనులో అడిగాడు. ఏం చెప్పను? నిజానికి వారమంతా నేను బతికింది ఆ శనివారం కోసమే.

తిరుపతి సంగతి మీకు తెలియనిదేముంది. రైలు దిగేవాళ్ళు, బస్సు దిగేవాళ్ళు, గుండ్లు, గంధాలు, గోవింద నామాలు. రోజూ అంతమంది వస్తారు కానీ, వచ్చినవాళ్ళంతా చూడ్డానికి వచ్చింది ఇంకొకరిని. నన్ను ఎవరు చూస్తారు? ఎనిమిది నెలల్లో నాతో ఎక్కువగా మాట్లాడింది ఆటోవాళ్ళు. వాళ్ళు కూడా "అలిపిరా? అలిపిరా?" అని అడిగి, కాదంటే పోయేవాళ్ళు. బైరాగిపట్టెడలో ఒక మిద్దె మీద రేకుల గది. సాయంత్రం ఆరుకు గదికొస్తే పొద్దున ఎనిమిది దాకా నా గొంతు నేను వినేవాణ్ణి కాదు. ఒకసారి నీళ్ళబిందె కాలిమీద పడి "అబ్బా" అన్నాను, నా గొంతుకే నేను ఉలిక్కిపడ్డాను.

అందుకే శనివారమంటే నాకు పండగ. పన్నెండు ఇళ్ళు, పన్నెండు వాకిళ్ళు, పన్నెండు చోట్ల "రా, కూసో" అనే మనుషులు. మేడమ్ ఇచ్చిన కాగితంలో ప్రశ్నలు పదే: ఏం తిన్నారు, చెమట ఎక్కువ పట్టిందా, సాక్సు మధ్యలో తీశారా, ఇలాంటివి. పది ప్రశ్నలు పది నిమిషాల్లో అయిపోతాయి. మరీ అన్యాయం అనిపించి నేను సొంతంగా కొన్ని చేర్చాను. మీ పుట్టిల్లు ఏ ఊరు, పప్పులో చింతకాయ వేస్తారా మామిడికాయ వేస్తారా, వానంటే ఇష్టమేనా. చివరికి ప్రశ్నలు ముప్పై నాలుగయ్యాయి. ఒకరోజు మేడమ్ ఆ కాగితాలు తిరగేసి, "ఇరవై ఏడో ప్రశ్న, చిన్నప్పుడు ఈత నేర్చుకున్నారా అని ఉంది. దోమకీ దీనికీ సంబంధమేంటి?" అంది. దోమలు నీళ్ళలోనే గుడ్లు పెడతాయి కదా మేడమ్ అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి నన్ను ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకుంది.

పన్నెండు మందిలో మా పట్టపుటేనుగు మునెమ్మక్క. తిరుచానూరులో గుడి వీధిలో పూలమ్ముతుంది. ఆమె సాక్సు పెడితే చాలు, దోమలు ఎన్నికల సభకు లారీలో వచ్చినట్టు అటే పోయేవి. ఇన్ని వారాల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ మాట చెప్తే ఆమెకు బలే సంబరం. ముంజేతికి చర్మం రంగు సాక్సు వేసుకుని పూలమ్ముతుంటే పక్కంగడి వాళ్ళు ఏమైందక్కా కాలిందా అని అడిగేవాళ్ళు. కాలలేదు, దోమల సారు పరీక్ష చేస్తా ఉండాడు, నేనే ఫస్టు అని చెప్పుకునేది. దోమల సారు అంటే నేనే. తిరుపతిలో నాకున్న ఒకే ఒక్క బిరుదు అది.

ఇక అసలు శనివారం. మే నెల. పన్నెండు సాక్సులూ ఏరుకుని ల్యాబుకు వచ్చేసరికి తలుపుకు తాళం. రోజూ తాళంచెవి ఇచ్చే వాచ్‌మన్ ఎవరిదో పెళ్ళికి పోయాడట. సాక్సులను సోమవారం దాకా చల్లగా ఉంచకపోతే వాసన పాడైపోతుంది. మేడమ్‌కు ఫోను చేస్తే సరిపోయేది. చేయలేదు. ఇంత చిన్నదానికి పెద్దవాళ్ళను విసిగిస్తే నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకుంటుందేమోనని నా భయం. ఆ భయం ఉత్తదే, ఆమె నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ ఒంటరిగా ఉండేవాడికి ఆలోచించడానికి తీరిక ఎక్కువ, భయాలు కూడా దానికి తగినన్ని ఉంటాయి. ఆ పని పోతే శనివారం పోతుంది. శనివారం పోతే నాకింక తిరుపతిలో ఏముంది?

మా ఇంటి ఓనరు కామాక్షమ్మ కింద ఇంట్లో ఒక్కతే ఉండేది. అరవై దాటిన మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. నేను పెద్దమ్మా అనేవాణ్ణి, అంతకుమించి మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు. నా పాల ప్యాకెట్టు పెట్టుకోవడానికి ఆమె ఫ్రిజ్జు వాడుకోమని ఎప్పుడో చెప్పింది. ఆ సాయంత్రం ఆమె గుడికి పోయి ఉంది. తలుపు దగ్గరికి వేసి ఉంది. నేను లోపలికి పోయి, పన్నెండు మంది చెమటను, ఒక ఖాళీ సాక్సుతో సహా, కూరగాయల అరలో బీన్సుకూ దేవుడి పూలకూ మధ్యన సర్ది, మెల్లగా మెట్లెక్కి వచ్చేశాను. ఒక చీటీ రాసి పెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు. రాయలేదు.

ఆదివారం పొద్దున పాలకోసం కిందికి దిగాను. ఫ్రిజ్జు తెరిచాను. బీన్సు ఉంది, పూలున్నాయి. కవర్లు లేవు.

"పెద్దమ్మా, ఇందులో నావి కొన్ని కవర్లు…"

"ఉతికి ఆరేసినా నాయనా."

ఆమె ముగ్గుడబ్బా మూత పెడుతూ చాలా మామూలుగా అంది.

"ఏవి ఉతికినావు?"

"నీ సాక్సులే. ఏం కంపు నాయనా అవి. సబ్బు పెట్టి ఉతికి, నాలుగు నీళ్ళు జాడించినా. ఆరినాక కర్పూరం బిళ్ళ ఏసి మూట గట్టి పెట్టినా, సూడు."

బల్లమీద ఒకే కవరులో సాక్సులన్నీ మడతలు పెట్టి, జతలు జతలుగా కట్టి ఉన్నాయి. కర్పూరం ఘుమఘుమలాడుతోంది. అంకెలు వేసిన నా కవర్లు చెత్తబుట్టలో ఉన్నాయి. ఏది ఎవరిదో, ఏది ఖాళీదో ఇంక బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

"ఒకటి మాత్రం జత కుదరలా," అంది కామాక్షమ్మ దిగులుగా. "పదమూడు ఉండాయి. పొద్దున్నించీ ఇల్లంతా ఎతికినా, మంచం కింద గూడా సూసినా. దాని జత యాడా లేదు."

అరిచి గోల చేయాలనిపించింది. నోరు తెరిచాను కూడా. కానీ తెల్లవారుజామున లేచి వేరేవాళ్ళ చెమట నాలుగు నీళ్ళలో జాడించిన మనిషిని ఏమని తిట్టను? అందుకని అసలు ప్రశ్న వదిలేసి, ఫ్రిజ్జులో సాక్సులు ఎందుకు పెట్టానో నీకు అనుమానం రాలేదా అని అడిగాను.

"ఏం అనుమానం," అంది. "ఒంటిగా ఉండే బిడ్డవి. మాట్లాడే మనిషి లేకపోతే మతి అట్టనే పోతాది. మా ఆయన పోయిన కొత్తలో నేను గూడా తాళంచెవి బియ్యం డబ్బాలో పెట్టి, మూడు దినాలు ఊరంతా ఎతికినా. మతి దానంతట అదే వస్తాదిలే, దిగులు పడబాక."

ఆ మాటతో నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నీళ్ళు మాత్రం కళ్ళలోకి వచ్చాయి. సాక్సుల మూట చంకలో పెట్టుకుని మెట్లెక్కాను.

గదిలో కూర్చుని ఆలోచించాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను తొక్కింది మామూలు అడుసా, పైగా దాన్ని ఇంకొకరు కడిగి పెట్టారు. ఏం చేయాలి? మేడమ్‌కు నిజం చెప్పడం ఒక దారి. ఆ దారి నాకు కనబడనే లేదు. నాకు కనబడిన దారి ఇంకొకటి. సాక్సులకు కావలసింది ఏమిటి? మనిషి వాసన. నేనెవరిని? మనిషిని. ఇందులో లోపం ఏముంది, మీరే చెప్పండి. ఇరవై మూడేళ్ళ బుర్రకు ఏ లోపమూ తోచలేదు.

మూట విప్పి, కర్పూరం వాసన పోయేలా ఎండలో దులిపాను. తర్వాత కుడిచేతికి మూడు, ఎడమచేతికి మూడు, ఒక్కో కాలికి మూడు చొప్పున తొడిగాను. పన్నెండు. పదమూడోది మిగిలింది. ఏది ఖాళీదో తెలియదు కాబట్టి ఏదీ వదలడానికి లేదు. దాన్ని లాగి తలకు వేసుకుని, చెవులదాకా దించాను. కిటికీ మూసి, ఫ్యాను ఆపి, రేకుల కింద మే నెల ఎండలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. చెమటలు కాలువలు కట్టాయి. పని జరుగుతోందని తృప్తిగా కూడా ఉంది.

మధ్యాహ్నం తలుపు తోసుకుని కామాక్షమ్మ వచ్చింది, చేతిలో సంగటి, పప్పు. నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏంది నాయనా ఈ యాసం?"

"చలిగా ఉంది పెద్దమ్మా."

"మే నెల్లోనా?"

"లోపల్నించి వస్తా ఉంది."

పళ్ళెం కింద పెట్టి, వచ్చి నుదురు మీద, అంటే సాక్సు మీద, చెయ్యి వేసింది. చెయ్యి తడిసిపోయింది. జ్వరం విరిగి చెమట పోస్తోందని ఆమె, ఏమీ లేదని నేను. ఆమె గెలిచింది. కిందికి పోయి మిరియాల కషాయం కాచి తెచ్చింది. వేపాకు పొగ వేస్తానంటే నేను ఆమె కాళ్ళమీద పడ్డంత పనిచేసి ఆపాను. పొగ వద్దంటే పోనీలే అని విభూతి తెచ్చి నుదుటి మీద, అంటే మళ్ళీ సాక్సు మీదే, మూడు వేళ్ళతో రాసింది. తర్వాత విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చుంది.

విసరొద్దని చెప్పాలి. చెమట ఆరిపోతే పని చెడుతుంది. కానీ నేను చెప్పలేదు. సాయంత్రం నాలుగు దాకా ఆమె విసురుతూ తన పుట్టింటి సంగతులు, వాళ్ళాయన ప్రెస్సులో పనిచేసిన రోజులు, ఒకసారి కాణిపాకం పోతూ బస్సు తప్పిపోయిన కథ చెప్తూనే ఉంది. తిరుపతికి వచ్చాక ఒక మనిషి నా పక్కన అంతసేపు కూర్చోవడం అదే మొదలు. నిజంగానే జ్వరం వచ్చి ఉంటే బాగుండునని నాకు సిగ్గులేకుండా అనిపించింది.

సోమవారం పొద్దున సాక్సులకు కొత్త కవర్లు, కొత్త అంకెలు వేసి, విభూతి అంటినదాన్ని నీళ్ళచేత్తో తుడిచి, ఏ పాపమూ ఎరగని మొహంతో ల్యాబుకు పోయాను. మేడమ్ ఎప్పటిలాగే మునెమ్మక్కతో మొదలుపెట్టింది. గొట్టంలో ఒక కొమ్మకు మునెమ్మక్క సాక్సు, ఇంకో కొమ్మకు ఖాళీ సాక్సు. అంటే ఒక కొమ్మకు నేను, ఇంకో కొమ్మకు నేను. దోమలను వదిలింది.

దోమలు కదల్లేదు. రెండు మూడు కొంచెం పైకి పోయి, చీలిక దగ్గర ఆగి, మళ్ళీ కిందికి వచ్చాయి. మిగతావి గోడకు అంటుకుని కూర్చున్నాయి. బంద్ రోజు బస్టాండు అంతకన్నా సందడిగా ఉంటుంది.

మేడమ్ సాక్సు మార్చింది. అంతే. ఇంకొకటి మార్చింది. అంతే. పన్నెండూ అయిపోయేసరికి మధ్యాహ్నం అయింది. ఆమె కుర్చీ నావైపు తిప్పుకుంది.

"ఈ శనివారం నువ్వు ఎవరింటికీ వెళ్ళలేదు కదా?"

"వెళ్ళాను మేడమ్."

"అబద్ధం వద్దు. ఇవి ఎవరూ తొడగని సాక్సులు. కొత్తవి తెచ్చి కవర్లలో వేశావు. పన్నెండూ ఖాళీ సాక్సులాగే ఉన్నాయి. మునెమ్మ సాక్సుకు దోమ రాకపోవడం ఎప్పుడైనా చూశావా?"

ఎంత మాట. ఎవరింటికీ పోలేదంటుందా? వారమంతా ఆ ఒక్కరోజు కోసం ఎదురుచూసేవాణ్ణి పట్టుకుని, నేను శనివారం ఎగ్గొట్టాననా? మిగతా ఏ నింద వేసినా తలవంచుకునేవాణ్ణి. ఇది మాత్రం పడలేకపోయాను.

"తొడిగిన సాక్సులే మేడమ్. దినమంతా తొడిగినవే."

"ఎవరు తొడిగారు?"

"నేనే మేడమ్."

"ఏది?"

"అన్నీ."

ఇంక ఆపడం నావల్ల కాలేదు. ఫ్రిజ్జు, బీన్సు, కర్పూరం, జతకుదరని సాక్సు, కషాయం, విభూతి, అన్నీ వరసగా చెప్పేశాను. మేడమ్ ముఖం చూస్తే నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అంతా విని ఆమె ఒక్క మాట అంది.

"నేను నమ్మను. దినమంతా చెమటలో నానబెడితే ఒక్క దోమైనా రావాలి కదా. చెయ్యి పెట్టు."

ల్యాబులో దోమలను పెంచే వలపెట్టె ఒకటి ఉంటుంది. అవి అక్కడే పుట్టి పెరిగినవి, ఏ రోగమూ మోసేవి కావు, కానీ ఆకలి మీద ఉన్నవి. మామూలుగా ఎవరు చెయ్యి పెట్టినా క్షణంలో చెయ్యి నల్లబడిపోతుంది. నేను అంతకుముందెప్పుడూ పెట్టలేదు, ఆ పని చేసే మనిషి వేరే ఉన్నాడు. పళ్ళు బిగించి మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టాను.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఒక దోమ వచ్చి బొటనవేలు చుట్టూ తిరిగి, మనసు మార్చుకుని వెళ్ళిపోయింది.

మేడమ్ కుర్చీలోంచి లేచింది. నా చేతిని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఇన్నేళ్ళలో ఇలాంటి చెయ్యి రెండోదో మూడోదో అంది. నువ్వు చెప్పింది నిజమే, తొడిగావు, కానీ దోమలకు మాత్రం నువ్వు ఉన్నట్టే తెలియడం లేదు అని నవ్వింది.

ఆమె మెచ్చుకోలుగానే అంది. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. నాకు మాత్రం అది మెచ్చుకోలులా వినబడలేదు. ఇంత పెద్ద ఊళ్ళో నేనున్నానని ఎవరికీ పట్టలేదు సరే. వాసన చూసి మనిషిని వెతుక్కుంటూ వచ్చే పురుగుకు కూడా పట్టలేదంటే ఇంకెవరితో చెప్పుకోవాలి? చెయ్యి బయటికి తీసి, దద్దురు ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కున్నాను. లేదు.

మేడమ్ నీళ్ళు తాగి, నవ్వు ఆపుకుని, అసలు విషయానికి వచ్చింది.

"ఆదివారం పొద్దున్నే ఒక్క ఫోను చేసి ఉంటే ఏమనేదాన్నో తెలుసా? అవి వదిలెయ్, బుధవారం మళ్ళీ పన్నెండు ఇళ్ళూ తిరిగి రా అనేదాన్ని. అంతే కదా."

మళ్ళీ పన్నెండు ఇళ్ళా? వారం మధ్యలో, అదనంగా, ఇంకొకసారా? నేను ఏది పోతుందని భయపడి పదమూడు సాక్సులు తొడిగానో, నోరు తెరిచి నిజం చెప్పి ఉంటే అది రెండింతలు దొరికేది. నా మూర్ఖత్వం లోతు నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

అయితే శిక్ష లేకుండా పోలేదు. దినమంతా తెల్లగడ్డ మానుకుని, సబ్బు మానుకుని, ఎండలో సాక్సు వేసుకున్న మనుషుల కష్టం పాడుచేశావు, పన్నెండు మందికీ నువ్వే పోయి జరిగింది చెప్పాలి అంది మేడమ్. వాళ్ళు మళ్ళీ నీ చేతికి చెయ్యి ఇస్తే నువ్వే తిరుగు. ఒక్కరు కాదన్నా ఇంకొకరిని పంపిస్తాను. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆ శుక్రవారమే, మర్నాటికి కావలసిన సాక్సులు సంచీలో వేసుకుని తిరుచానూరులో బస్సు దిగాను. మొదట మునెమ్మక్క దగ్గరికే పోయాను, ఆమె కాదంటే మిగతా పదకొండు ఇళ్ళు తిరగక్కర్లేదు కదా అని. ఆమె మల్లెలు మాల కడుతోంది. నిలబడే చెప్పడం మొదలుపెట్టాను. చెప్తున్నకొద్దీ ఆమె వేళ్ళు నిదానమయ్యాయి.

"నా సాక్సు నువ్వేసుకున్నావా?"

"ఏసుకున్నానక్కా."

"పన్నెండు మందివీ?"

"పన్నెండు మందివీ. పదమూడోది తలకు."

ఆమె పక్కంగడివైపు తిరిగి, ఇక్కడికి రండి, ఈ సారు మాట వినండి అని పిలిచింది. మళ్ళీ మొదటినుంచి చెప్పించింది. కొబ్బరికాయల ఆయన, గాజుల ఆవిడ, ఇంకో ఇద్దరు చేరారు. విభూతి దగ్గరికొచ్చేసరికి గాజులావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తలవంచుకుని చివరిదాకా చెప్పాను, వలపెట్టెలో చెయ్యి పెట్టిన సంగతితో సహా.

నవ్వులు ఆగాక అందరూ ఎవరి అంగడికి వాళ్ళు పోయారు. మునెమ్మక్క మాత్రం నా ముఖంలోకి చూస్తూనే ఉంది.

"దోమ గూడా రాలేదా నీ కాడికి?"

"రాలేదక్కా."

ఆమె పూలగంప పక్కకు జరిపింది. గోనెసంచీ మీద చోటు చేసింది. "గమ్మున కూసో," అంది. కూర్చున్నాను. మళ్ళీ మాల కట్టడం మొదలుపెట్టి, నావైపు చూడకుండానే అంది:

"సాక్సు ఆడ పెట్టు, ఏసుకుంటా. ఆ సాక్సు కోసరమైతే ఎవురొచ్చినా ఇస్తాలే. నువ్వు ఊరికే రా అబ్బా. మనిషి కాడికి మనిషి రావాలంటే సాక్సు కావాల్నా?"

పూల నీళ్ళు నా ప్యాంటుకు తగులుతున్నా లేవకుండా చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మిగతా పదకొండు ఇళ్ళకూ ఆ సాయంత్రం చాలా ఆలస్యంగా పోయాను. అందరూ తిట్టారు, అందరూ చెయ్యి ఇచ్చారు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నేను చిత్తూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఇందుమూలంగా సమస్త పాఠకులకూ నేను చేయు ప్రమాణమేమనగా: ఏడుకొండలు ఎదురుగా పెట్టుకుని చెప్తున్నాను, ఒకరి వాసనను ఇంకొకరి పేరుమీద ఇకమీదట చచ్చినా అమ్మను. పరాయి ఫ్రిజ్జులో చీటీ లేకుండా ఏదీ పెట్టను. ఎవరినైనా చూడాలనిపిస్తే పని కల్పించుకోకుండా, సాకు వెతుక్కోకుండా, ఉత్త చేతులతో పోయి ఊరికే కూర్చుంటాను.

మొదటి రెండూ నిలబెట్టుకున్నాను. మూడోదే ఇంకా చేతకావడం లేదు. పోయిన శనివారం కూడా చిత్తూరులో బస్సెక్కి మునెమ్మక్క అంగడి ముందు దిగి, ఒక నిమిషం నీళ్ళు నమిలి, "మల్లెలు మూర ఎంతక్కా?" అని అడిగాను.

"ఎవురికబ్బా పూలు?" అంది ఆమె, అప్పటికే గంప పక్కకు జరుపుతూ.